ఇంట్లో బురఖా ఎవరేసుకుంటారు?

2003లో జర్నలిజం చదువుతున్న మేం ముగ్గురం కలిసి నాలుగు నిమిషాల పాటకి వీడియో తీశాం. మా బ్యాచిలో అందరికంటే మాకే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ వీడియోలో పన్నెండు సెకన్ల షాటు ఒకటుంది. సెకనుకి ఇరవై ఐదు ఫ్రేముల లెక్కన మూడువందల ఫ్రేములు. ఎక్కువ మార్కులు దానివల్లే వచ్చాయని మాకు తెలుసు. ఆ షాటు తప్పని కూడా తెలుసు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ తప్పు గురించి మేం ఎక్కడా రాయలేదు. సినిమావాళ్ళు మమ్మల్ని ఎట్లా చూపించారో, పేపర్లు మమ్మల్ని ఎట్లా రాశాయో చాలాసార్లు రాశాం. మమ్మల్ని మేం ఎట్లా చూపించుకున్నామో రాయకపోతే ఆ విమర్శ సగమే.

మేం అంటే ఎవరమో ముందు చెప్పాలి. ఒకరిది పాతబస్తీ. ఉర్దూలో ఓనమాలు దిద్ది, బి.ఏ.లో తెలుగు సాహిత్యం తీసుకుని, రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరుగుతున్న బతుకు. ఇంకొకరిది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పీర్ల పండక్కి పాడేది తెలుగు, తిట్టుకునేదీ తెలుగే. మూడో అతను ముస్లిం కాదు. పాలమూరు నుంచి వచ్చిన కుమ్మరి ఇంటి అబ్బాయి. కెమెరా బాగా పట్టేవాడు. ఈ ముగ్గురం కలిసి ‘ముస్లిం జీవితం’ మీద పాట తీయాలనుకున్నాం.

అప్పటికి మా బ్యాగుల్లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991) ఉంది. ‘జల్‌జలా’ (1998) సంకలనం ఉంది. మా గురించి ఎవరో రాసింది చదవడం చాలించి, మా గొంతుతో మేం చెప్పాలనే తెలివిడి కవిత్వం మాకిచ్చింది. అయితే కవితలో ‘అమ్మీ’ అని రాస్తే సరిపోతుంది. ఆ అమ్మీ ఏ చీర కట్టుకుందో, ఏ గోడకి ఆనుకుని కూర్చుందో, ఆమె మీద వెలుతురు ఎటునుంచి పడుతోందో రాయనక్కర్లేదు. కెమెరా అట్లా ఊరుకోదు. ఆమెను ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి. ఏదో ఒకటి తొడగాలి. కవిత్వంలో తేల్చుకున్నామనుకున్న ప్రశ్న అక్కడ మళ్ళీ మొదటికొచ్చింది.

పాట మాదే. పల్లవి దక్కనీలో, చరణాలు తెలుగులో రాసుకున్నాం. లాడ్ బజార్ గాజుల వెనక ఉండే చేతుల గురించిన పాట. దరువు మర్ఫా. హైదరాబాదు బరాత్‌లకి మర్ఫా లేకపోతే కాళ్ళు కదలవు. నిజాం ఫౌజుల్లో కొలువుకొచ్చిన హద్రమీ అరబ్బులూ ఆఫ్రికా మూలాల సిద్దీలూ తమతో తెచ్చుకున్న దరువది. సిపాయిల బ్యారక్సు నోట్లో నలిగి బార్కస్ అయింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్నచోటు ఏ.సి. గార్డ్స్ అయింది. కొలువులు పోయాయి, దరువు మిగిలింది. ఒక పెళ్ళిలో ఆ దరువు రికార్డు చేసుకుని దానిమీద పాట కట్టాం.

ప్లాన్ పద్ధతిగానే వేశాం. నాలుగు నిమిషాల పాటని పదిహేను ముక్కలు చేశాం. ఏ ముక్కలో ఏ మాట, ఏ మాట దగ్గర ఏ దృశ్యం, ఎన్ని సెకన్లు అన్నీ పట్టిక గీశాం. గీతల బొమ్మలతో స్టోరీబోర్డు వేశాం. లక్కని బొగ్గుల మీద కరిగించడం, బల్లమీద సన్నటి కడ్డీగా సాగదీయడం, ముక్క కోసి గుండ్రంగా అతకడం, కర్ర అచ్చుకి తొడిగి కొలత సరిచేయడం, వేడి ఆరకముందే పట్టకారుతో రాళ్ళూ అద్దాలూ పొదగడం. ప్రతి పనికీ ఒక షాటు. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని గాజుల సైజులు చెబుతుంటారు కదా, రెండంగుళాల మీద ఎన్ని పదహారో వంతులనేదే ఆ లెక్క. ఆ అంకెల్నే మర్ఫా దరువు మీద లెక్కపెట్టే చరణం ఒకటి రాసుకున్నాం. ఇప్పటికీ ఆ చరణం మాకు ఇష్టం.

ఆ స్టోరీబోర్డు చూసి మా అధ్యాపకుడొకరు మెచ్చుకున్నారు. మెచ్చుకుని, “అంతా బాగుంది. కానీ వీళ్ళు ముస్లింలని చూసేవాడికి ఎట్లా తెలుస్తుంది?” అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. మతతత్వం మీద మాకంటే గట్టిగా మాట్లాడేవారు. ఆయన అడిగింది దృశ్యభాష ప్రశ్న అనే మేం అనుకున్నాం. ఆ రాత్రే స్టోరీబోర్డు మార్చాం. మొదటి షాటు చార్మినార్ మీనార్లు. తర్వాత ఎగిరే పావురాలు. ఉపోద్ఘాతంలో అజాన్ ముక్క. టోపీ పెట్టుకున్న పిల్లవాడు. కుంపటి ముందు బురఖాలో గాజు చేస్తున్న ఆడమనిషి. ఆ చివరిదే మా పన్నెండు సెకన్లు.

మా పాలమూరు మిత్రుడు ఒక్కడే అన్నాడు: “మా అమ్మను తీస్తే హిందువని ఎట్లా తెలుస్తదని ఎవరన్నా అడుగుతరా?” నవ్వేసి ఊరుకున్నాం. నల్లగొండ మిత్రుడు ఏమీ అనలేదు. వాళ్ళమ్మ చీర కట్టుకుని, కొంగు నడుముకి చెక్కి పత్తి ఏరడానికి పోయే మనిషి. ఆ కొత్త స్టోరీబోర్డులో ఆమెకి చోటు లేదు. ఆమె ముస్లిం అని ‘తెలియదు’ కాబట్టి.

*

అధ్యాపకుడి ప్రశ్న ఆయన సొంతం కాదు. దాన్ని పాటలే ఆయనకీ మాకూ నేర్పాయి. మన సినిమాలో ముస్లింకి కథలో చోటు తక్కువ, పాటలో చోటు ఎక్కువ. ‘జంజీర్’ (1973)లో షేర్ ఖాన్‌ని జనం గుర్తుపెట్టుకున్నది స్నేహం మీద పాడిన పాటతోనే. తెలుగులో ‘నిప్పులాంటి మనిషి’ (1974)లో సత్యనారాయణ వేసిన షేర్ ఖాన్ కూడా అంతే. స్నేహానికి కట్టుబడినంత వరకూ ఆ పఠాన్ మనవాడు. 1977లో ‘అమర్ అక్బర్ ఆంథోనీ’ వచ్చింది. 1980లో అది తెలుగులో ‘రాం రాబర్ట్ రహీం’ అయింది. ముగ్గురన్నదమ్ముల్లో ఒకడు పోలీసైతే ముస్లిం ఇంట్లో పెరిగినవాడు కవ్వాలీ పాడతాడు. కవ్వాలీ పాడటం తక్కువని మేం అనడంలేదు. వారసీ కవ్వాలుల ఊరు మాది. 1971లో పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వారసీ మా ఊరివాడు. దర్గాలో కవ్వాలీ దేవుడి కోసం పాడతారు. ఆ సినిమాలో అక్బర్ పాడే కవ్వాలీ మాత్రం శ్రోతల్లో ముసుగేసుకుని కూర్చున్న అమ్మాయి కోసం. పాట మొత్తానికి ఒకటే పని: ఆమె ముసుగు తీయించడం. తీసేదాకా పాట ఆగదు. తీశాక హాలంతా చప్పట్లు.

పద్దెనిమిదేళ్ళ తర్వాత, బాబరీ మసీదు కూలిన మూడేళ్ళకి, మణిరత్నం ‘బొంబాయి’ (1995) తెలుగులోకి కూడా వచ్చింది. అందులో కోట మీద తీసిన పాటని ఎవరూ మరిచిపోలేదు. ఆ సంగీతమూ ఆ సముద్రమూ ఆ గాలీ ఇప్పటికీ మమ్మల్ని కదిలిస్తాయి. ఆ అమ్మాయి హిందూ ప్రియుడి కోసం పరుగెత్తుకుంటూ వస్తుంది. ఆమె బురఖా అక్కడున్న లంగరుకి చిక్కుకుంటుంది. ఆమె దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోతుంది. మాట ఒక్కటీ లేదు. ఆ ఇనప లంగరు ఆమె ఇల్లూ ఆమె మనుషులూ అన్నమాట. గుడ్డ అక్కడ ఉండిపోతే ఆమె స్వేచ్ఛలోకి వచ్చేసినట్టు. 1977లో అల్లరిగా జరిగిన పని 1995లో గంభీరంగా, అందంగా జరిగింది. రెండుచోట్లా పాటలోని ముస్లిం స్త్రీకి ఉన్న కథ ఒక్క గుడ్డ కథే.

బురఖా మీద మాకు మోజు లేదు. మా ఇళ్ళలో దాన్ని ఇష్టంగా వేసుకునేవాళ్ళున్నారు. అలవాటుగా వేసుకునేవాళ్ళున్నారు. భర్త కోసమో, గల్లీలో మాటపడకుండానో వేసుకునేవాళ్ళున్నారు. వేసుకోని వాళ్ళూ ఉన్నారు. మగవాళ్ళ పెత్తనం అందులో లేదని ఎవరైనా అంటే ముందు మా ఆడవాళ్ళే నవ్వుతారు. ఆ చర్చ మాకు అవసరం. కానీ ఆ చర్చ ఎక్కడ మొదలవ్వాలో, ఎవరు మొదలుపెట్టాలో లంగరు చెప్పలేదు. స్త్రీని తెరమీద చూసే చూపు మగవాడి చూపని లారా మల్వీ 1975లో రాసిన వ్యాసాన్ని మాకు క్లాసులో చెప్పారు. ముస్లిం స్త్రీ విషయంలో ఆ చూపుకి ఇంకో మగవాడు తోడవుతాడు. ఆమెను ‘రక్షించడానికి’ వచ్చేవాడు.

*

షూటింగు ఒక్కరోజే. సోనీ పీడీ 150 కెమెరా అద్దెకి తెచ్చాం. అరవై నిమిషాల మినీ డీవీ టేపులు మూడు కొన్నాం. మాలో ఒకరి అమ్మీకి దూరపు చెల్లెలు వరసయ్యే ఆమె ఇల్లు. ముగ్గురం ఖాలా అనే పిలిచేవాళ్ళం. ఒకటే గది, ముందు చిన్న వాకిలి. గల్లీ ఇరుకు కావడంతో ఆ వాకిట్లో ఎండ పడేది మధ్యాహ్నం ఒక గంటసేపే. ఆ గంటలోనే ముఖ్యమైనవన్నీ తీయాలి. ఆ రోజంతా ఖాలా పని పోయింది. మా బడ్జెట్టులో కెమెరా అద్దె ఉంది, టేపులున్నాయి, ఆటో ఛార్జీ ఉంది, చాయ్, ఉస్మానియా బిస్కెట్ కూడా ఉంది. ఆమె ఒకరోజు కూలి లేదు. కూలీ చేతుల మీద పాట రాసినవాళ్ళకి ఆ సంగతి తట్టలేదు.

పొద్దున తీసినవన్నీ చేతుల షాట్లు. ఖాలా పాత వాయిల్ చీరలో, జాకెట్టు చేతులు పైకి మడిచి కుంపటి ముందు కూర్చుంది. చూపుడువేలి కొసన పాత కాలిన మచ్చలు. మాట్లాడుతూనే ఉంది, చేయి ఆగదు. ఇంటి అద్దె గురించి, గాజుల షావుకారు గురించి, డిగ్రీ చదువుతున్న బిడ్డ గురించి. మేం ఆ మాటలు రికార్డు చేయలేదు. పాటకి మాటలెందుకని మైకు తీసి పక్కన పెట్టాం.

ఎండ వాకిట్లోకి వచ్చాక బురఖా వేసుకోమని అడిగాం. ఆమెకి అర్థం కాలేదు. “బయటికి పోవాలా?” అంది. లేదు ఖాలా, ఇక్కడే, కుంపటి ముందే అన్నాం. ఆమె మా మొహాలకేసి చూసి గట్టిగా నవ్వింది. “ఘర్‌మే బుర్ఖా కౌన్ పైన్తే రే?” ఇంట్లో బురఖా ఎవరేసుకుంటార్రా?

ఆ మాటతో మేం ఆగాల్సింది. అక్కడున్న వాళ్ళలో ముస్లిం జీవితం తెలిసింది ఆమెకే. తప్పు ఇంత తేలిగ్గా, ఇంత నవ్వుతూ మాకు మళ్ళీ ఎవరూ చెప్పలేదు. మేం ఆగలేదు. “చూసేవాళ్ళకి తెలియాలి కదా ఖాలా” అన్నాం. పిల్లలు చదువు కోసం అడుగుతున్నారని ఆమె మేకుకి తగిలించిన బురఖా తీసి వేసుకుంది. రెండు టేకులు బాగానే అయ్యాయి. మూడో టేకులో వదులు చేయి బొగ్గులకి తగిలింది. సింథటిక్ గుడ్డ, మంట రాలేదు, ముడుచుకుపోయి నల్లటి అంచు కట్టింది. మణికట్టు మీద చిన్న బొబ్బ లేచింది. ఆమె దానిమీద ఉఫ్ అని ఊదుకుని, “కుఛ్ నై, కుఛ్ నై” అంటూ మళ్ళీ కూర్చుంది. ఆమెకున్నది ఆ ఒక్క బురఖాయే. కొత్తది కొనిస్తామన్నాం. కొనివ్వలేదు. ఆమె బిడ్డ ఆ చేయికి అతుకువేసి కుట్టింది. ఆ అతుకుతోనే ఆమె చాలాకాలం బజారుకి వెళ్ళింది.

మరో తప్పు ఎడిటింగు బల్ల దగ్గర బయటపడింది. పాడే షాట్లు తీసేటప్పుడు పాట పక్కన మోగుతుండాలి, పెదవులు దానితో కలవాలి. సీడీ పెట్టుకుంటే వేగం మారదు. మేం క్యాసెట్ ప్లేయర్ తీసుకెళ్ళాం. కరెంటు పోయింది. బ్యాటరీలతో నడిపాం. బ్యాటరీ దిగేకొద్దీ పాట రవ్వంత నెమ్మదించింది, చెవికి ఆనలేదు. ఎడిటింగులో అసలు పాట పరిచి చూస్తే గాయకుడి పెదవులు ఎక్కడా కలవలేదు. ఆ షాట్లన్నీ తీసి పారేయాల్సి వచ్చింది. ఖాళీ అయిన చోటంతా పొద్దున తీసిన చేతులతో నింపాం. మర్ఫా దెబ్బ పడినచోట లక్క కడ్డీ తెగింది. అంకెల చరణం దగ్గర ఒక్కో అంకెకి ఒక్కో గాజు అచ్చుమీద కూర్చుంది. మేం ప్లాను చేయని ఆ భాగమే వీడియోలో నిజంగా బాగుంది.

పాటకీ దృశ్యానికీ ఉండే సంబంధాన్ని ఆండ్రూ గుడ్విన్ 1992లో అచ్చయిన తన పుస్తకంలో మూడు రకాలుగా చెప్పాడు. పాటలో ఉన్నదే చూపించడం ఒకటి. పాటలో లేని కొత్త అర్థం చేర్చి దాన్ని పెంచడం రెండోది. పాటతో పొంతనే లేకుండా పోవడం మూడోది. ఇది మేం పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. మా వీడియోకి దాన్ని వర్తింపజేసుకోలేదు. వర్తింపజేస్తే చేతుల షాట్లు పాటని పెంచాయి. ఆ అంకెలు కొలతలని, ఆ కొలతలు ఎవరివో మణికట్లని అవి చెప్పాయి. బురఖా షాటు పాటలో ఉన్నదాన్ని చూపించలేదు, పెంచలేదు. అదేం చేసిందంటే మా పాటని పక్కకి నెట్టి, అందరికీ ముందే తెలిసిన ఇంకో పాటని మోగించింది. షేర్ ఖాన్ పాట, అక్బర్ పాట, కోట మీది పాట. చూసేవాళ్ళు ఆ పాటకే చప్పట్లు కొట్టారు. “చాలా సహజంగా ఉంది” అన్నారు.

వీడియో సీడీ తీసుకెళ్ళి ఖాలా ఇంట్లో చూపించాం. గల్లీ ఆడవాళ్ళంతా వచ్చారు. చేతులు కనిపించినంతసేపూ ఎవరు ఏ పని బాగా చేస్తారో మాట్లాడుకున్నారు, రాయి పొదిగేటప్పుడు పట్టకారు అట్లా పట్టుకోకూడదని ఒకామె తప్పుపట్టింది. పన్నెండు సెకన్ల షాటు రాగానే అందరూ పగలబడి నవ్వారు. ఇంట్లో కుంపటి ముందు బురఖాలో కూర్చున్న మనిషిని చూసి నవ్వకుండా ఎట్లా ఉంటారు? ఖాలా కూడా నవ్వింది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మేం ఎవరికోసం తీశామో ఆ నవ్వు తేల్చేసింది. క్లాసులో సహజమనిపించింది గల్లీలో హాస్యమైంది.

పాటలు ముసుగు తీయించాయి. మేం తొడిగించాం. ఎదురెదురు పనుల్లా కనిపిస్తాయి. రెండింట్లోనూ ఆ గుడ్డ మీద ఆమె మాట చెల్లలేదు.

*

ఇవాళ అద్దె కెమెరా అక్కర్లేదు. ముంబై కుర్లా కుర్రాడు నేజీ 2014లో ‘ఆఫత్’ పాటనీ వీడియోనీ ఒక ఐప్యాడ్‌తో చేసుకున్నాడు. అధ్యాపకుడు లేడు, చూసేవాడికి ఎట్లా తెలుస్తుందనే ప్రశ్న లేదు. తన గల్లీలో తన భాషలో నిలబడి పాడాడు. ఆ తరం కుర్రాళ్ళ కథ ‘గల్లీ బాయ్’ (2019)గా వెండితెరకెక్కింది. అందులో డాక్టరీ చదివే సఫీనా తలకి గుడ్డ చుట్టుకుని, అబద్ధాలాడి, కొట్లాడి, ప్రేమించి, చదువుకుంటుంది. ఆ గుడ్డని ఏ లంగరూ లాగలేదు. మన ఊళ్ళోనూ రుహాన్ అర్షద్ ‘మియా భాయ్’ కోట్ల మంది చూశారు. హైదరాబాదీ దక్కనీని ఎగతాళికి కాకుండా గర్వంగా వినిపించిన పాటది. మేం సంతోషించాం. కానీ ఈ గల్లీ పాటల వీడియోల్లో చాలావాటిని వరసగా చూస్తే ఒక సంగతి గుచ్చుకుంటుంది. బైకులున్నాయి, దోస్తులున్నారు, గల్లీ ఉంది. ఖాలాలు లేరు. గల్లీ మగవాళ్ళదైపోయింది. బయటివాళ్ళ చూపునుంచి విడిపించుకున్న పాట ఇంట్లోవాళ్ళని ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

ఈలోగా కెమెరా ఇంకో చోటికి వెళ్ళింది. 2022 ఫిబ్రవరిలో కర్ణాటకలో కాలేజీ గేట్ల దగ్గర విద్యార్థినులు, టీచర్లు హిజాబ్, బురఖాలు తీసి లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. కెమెరాలు ఎదురుగా నిలబడి అదంతా తీశాయి. ఆ మార్చిలో హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. ఆ గేటు దృశ్యాలు టీవీలో చూస్తున్నప్పుడు మాకు ఆ పాటలన్నీ గుర్తొచ్చాయి. ఒక అమ్మాయి నలుగురిలో ముసుగు తీస్తే చప్పట్లు కొట్టే అలవాటు దేశానికి ఒక్కరోజులో రాలేదు. మా పన్నెండు సెకన్లూ గుర్తొచ్చాయి. ముస్లిం స్త్రీ అంటే ఆ గుడ్డేనని నమ్మించిన లక్ష దృశ్యాల్లో మాదీ ఒకటి. మేం పరాయివాళ్ళం కాకపోవడం మా నేరాన్ని తగ్గించదు. లోపలివాళ్ళు తీశారు కాబట్టి అది నిజమేనని చూసినవాళ్ళు ఇంకాస్త గట్టిగా నమ్మి ఉంటారు.

*

మొన్నీమధ్య మా బంధువులమ్మాయి, మాస్ కమ్యూనికేషన్ విద్యార్థిని, తన పాట వీడియో ప్లాను పట్టుకొచ్చింది. ప్లేబాక్, వెలుతురు, షాట్ల పట్టిక అన్నీ మాకంటే బాగా తెలుసు. టైలరింగ్ చేసే వాళ్ళ నానీ గురించిన పాట. ఫోనులో తీస్తుంది. స్టోరీబోర్డులో మీనార్లు లేవు. మేం చెప్పింది మూడు ముక్కలు. నానీ ఒకరోజు పని పోతే ఆ డబ్బు బడ్జెట్టులో మొదటి వరసలో రాయమన్నాం. నానీ మాట్లాడేటప్పుడు మైకు తీయొద్దన్నాం. కెమెరా తీసేముందు స్టోరీబోర్డు ఆమెకి చూపించమన్నాం, ఆమె ఎక్కడ నవ్వితే అక్కడ గీత కొట్టేయమన్నాం.

అమ్మాయి తలాడించి, “మా సార్ అడిగితే? వీళ్ళు ముస్లింలని ఎట్లా తెలుస్తుందని?” అంది.

ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్న అక్కడే ఉందన్నమాట. “ఎవరికి తెలియాలి సార్ అని అడుగు” అన్నాం. 2003లో మేం అడగాల్సిన మాట అది. మా పాలమూరు మిత్రుడు చేతికందించినా అడగలేకపోయాం.

లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక ఆ గాజుల మీద వీడియోలు చాలా వస్తాయి. ఖాలా ఇప్పుడు లేదు. మేం కొనిస్తామన్న బురఖా బాకీ అట్లాగే ఉంది. ఆ వీడియో సీడీ మాదగ్గర ఇంకా ఉంది. అందులో ఆమె చేతులున్నాయి, ఆమె మాట లేదు.